కళ్ళు సాయిలే పెట్టాలి

షఫీ చాచా చేసిన విగ్రహాలు ఎన్ని ఉన్నాయో ఆయనకే గుర్తు లేదు. వాటిలో ఒక్కదానికి కూడా ఆయన కళ్ళు పెట్టలేదు. మా బస్తీలో అందరూ ఈ మాటే చెబుతారు. నేనూ అదే చెబుతాను.

నా పేరు తనూజ. ఫలక్‌నుమా స్టేషన్ వెనక పాల దుకాణం నాది. నోరెక్కువ మనిషినని పేరుంది, ఉండనీ. ఈ వ్యాపారంలో నోరు లేకపోతే ప్రతివాడూ నీళ్ళు కలిపావని మీదికొస్తాడు. ఆ మధ్య ఎవరో కాలేజీ పిల్లలు ఫోన్లు పట్టుకుని వచ్చారు. ఇక్కడ ఒక శిల్పి ఉండేవాడట కదా, ఆయన గురించి పది నిమిషాల్లో చెప్పండి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అరవై మూడేళ్ళు బతికిన మనిషికి పది నిమిషాలా! పెరుగు కొనుక్కుంటే కొనుక్కోండి, లేకపోతే దారి ఇవ్వండి అన్నాను. పాపం, పిల్లలు భయపడి పెరుగు కొనుక్కుని పోయారు. వాళ్ళకు చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను.

ఆయన పూర్తి పేరు షఫీఉద్దీన్. పుట్టింది, పెరిగింది యాకుత్‌పురా స్టేషన్ పక్క గల్లీలో. తండ్రి ఇళ్ళకు సున్నాలు వేసేవాడు, తొందరగా పోయాడు. పన్నెండేళ్ళకే చాచా ప్లాస్టర్ పనివాళ్ళ వెంట పడ్డాడు. ఇళ్ళ కప్పులకు పువ్వులు, తీగలు, లతలు పోసే పని అది. పదిహేనేళ్ళప్పుడు మలక్‌పేట్‌లో ఒక ఇంటి గేటు మీద సింహం తల చేయమన్నారు. మేస్త్రీకి చేతకాలేదు. చాచా చేశాడు. ఇంటాయన సంతోషపడి మిఠాయి డబ్బా చేతిలో పెట్టాడు. చాచా ఆ డబ్బా తెచ్చి అమ్మ ముందు పెట్టి, "అమ్మీ, షేర్ బనాయా" అన్నాడు, సింహాన్ని చేశానని.

"ఆంఖా భీ?" అని అడిగింది ఆమె. కళ్ళు కూడా పెట్టావా అని.

పెట్టానన్నాడు. ఆ పూట ఆమె అన్నం తినలేదు. మిఠాయి డబ్బా మూత తీయలేదు. తెల్లారి కొడుకు చెయ్యి పట్టుకుని మలక్‌పేట్ దాకా నడిచి వెళ్ళింది. తడి ప్లాస్టర్‌తో ఆ సింహం కళ్ళు రెండూ వాడి చేతనే పూడ్పించింది. ఇంటాయన లొల్లి లొల్లి చేశాడు. మేస్త్రీ పనిలోంచి తీసేశాడు. ఆమె మాత్రం గేటు దగ్గర నిలబడి కొడుక్కు ఒకటే చెప్పిందట. కడుపు కోసం చెయ్యి, ముఖం చెయ్యి, ముక్కు చెయ్యి, నేను కాదనను. చూపు మాత్రం పెట్టకు. చూపు ఇచ్చేవాడు పైన ఒక్కడే.

అమ్మకు భయపడి చాచా ఆ మాట పట్టుకున్నాడని కొందరు అంటారు. అది తప్పు. ఆయన నమ్మాడు. "రేపు అల్లా అడుగుతడు బేటా. చేతులు నావే, చూపు నాది కాదు అని చెప్పుకుంట" అని నాతోనే ఎన్నిసార్లు అన్నాడో.

మరి ముఖాలు చేయడం మానేయొచ్చు కదా? మానలేకపోయాడు. అది ఆ చేతుల్లో ఉంది. ఛాయ్ దుకాణంలో ఎదురుగా కూర్చున్నవాడి దవడ చూస్తూ, తన మోకాలి మీద బొటనవేలితో ఆ దవడ గీస్తూ ఉండేవాడు. చూసేవాళ్ళకు మనిషికి ఏదో తేడా ఉందనిపించేది.

నేను రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆయన మా బర్రెల కొట్టం వెనక రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నాడు. బంకమట్టితో ముఖం చేయడం, దాని మీద ప్లాస్టర్ అచ్చు తీయడం, ఆ అచ్చులో సిమెంటు పోయడం, ఇదీ పని. చెరువు నుంచి మట్టి తెచ్చి ఇచ్చేవాడు మా బాపు, సాయిలు. అప్పటికి మా బాపుకు బర్రెలు తప్ప ఇంకేమీ తెలియదు. చాచా దగ్గర కళ్ళు పెట్టడానికి ఒక మనిషి ఉండేవాడు. వాడు చెప్పాపెట్టకుండా బొంబాయి వెళ్ళిపోయాడు. తెల్లారితే ఒక ఊరివాళ్ళు వాళ్ళ సర్పంచ్ విగ్రహం చూసుకోవడానికి వస్తారు. చాచా తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది భాయ్, రెండు గుంటలే గదా" అన్నాడట మా బాపు.

సైకిల్ చక్రం పుల్ల ఒకటి తీసి, కొసను రాయి మీద చదును చేసి, మట్టి ముఖం ముందు కూర్చున్నాడు.

కళ్ళు పెట్టడమంటే ఏమిటో చెప్పాలి. చాచా కనుగుడ్డు దాకా చేసి వదిలేసేవాడు. ఉడికించిన కోడిగుడ్డులా నున్నగా ఉండేది. నల్లగుడ్డు ఉండాల్సిన చోట చిన్న గుంట తీయాలి. తీస్తే అందులో నీడ పడుతుంది. గుంట మొత్తం తీసేస్తే గుడ్డివాడిలా ఉంటుంది. ఒక మూల జొన్నగింజంత మట్టి వదిలేయాలి. దాని మీద వెలుగు పడ్డప్పుడు మనిషి మనల్ని చూసినట్టు ఉంటుంది. ఆ గింజ ఎక్కడ వదలాలన్నదే పని. మిగతాదంతా ఎవరైనా చేస్తారు.

తెల్లారి ఆ ఊరివాళ్ళు వచ్చారు. సర్పంచ్ పెళ్ళాం, ముసలామె, అందరికంటే వెనక వచ్చింది. గోనెపట్టా తీయగానే ఆమె చటుక్కున కొంగు తల మీదికి లాక్కుని, నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడింది. బతికున్నప్పుడు పెనిమిటి ఎదురుపడితే ఎలా నిలబడేదో అలాగే. చాచా, బాపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటి నుంచి వాళ్ళకు అదే పరీక్ష. విగ్రహం చూసి కొడుకులు బాగుందంటే నమ్మేవాళ్ళు కాదు. ఇంటి ముసలామె చెయ్యి కొంగు మీదికి పోయిందా లేదా, అంతే.

ఆ రోజు నుంచి ముఖం చాచాది, చూపు బాపుది. ఇద్దరి పేర్లూ ఎక్కడా ఉండవు. పన్నెండడుగుల విగ్రహం ఒకటి చేశారు, ఒక టౌను చౌరస్తా కోసం. ఎవరిదో చెప్పను, ఇప్పుడు ఎందుకు. ఆవిష్కరణ చూద్దామని ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకుని బస్సులో వెళ్ళారు. పోలీసులు తాడు అవతలే ఆపేశారు. పాలరాయి పలక మీద పంతొమ్మిది పేర్లున్నాయి. బాపు చదవలేడు కాబట్టి చాచాను చదవమన్నాడు. చాచా పంతొమ్మిదీ చదివి, "చల్, ఛాయ్ తాగుదాం" అన్నాడు. తిరిగొచ్చాక బాపు మా అమ్మతో చెబుతూ నవ్వాడు గానీ, ఆ రాత్రి అన్నంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చున్నాడు.

కుబ్రా చాచీ గురించి చెప్పకుండా ఇది చెప్పలేను. చాచా భార్య. మా అమ్మ రాజమణితో మస్తు దోస్తీ. పండుగకు అటు షీర్ ఖుర్మా, ఇటు సకినాలు. కానీ మా బాపు కనబడితే చాలు, నకాబు ముఖం మీదికి దించేది. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అంతే. బాపు గుమ్మం ముందు నిలబడి, "భాభీ, నా మొఖం గంత ఖరాబుగున్నదా" అని అరిచేవాడు. లోపల నుంచి నవ్వు వినబడేది, నకాబు లేచేది కాదు.

చాచా విగ్రహం ముగించి ఇంటికి వెళ్ళిన రోజు ఆమె గుమ్మంలోనే ఒక మాట అడిగేది. "ఆంఖా?"

"సాయిలు" అనేవాడు చాచా.

అప్పుడు ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చేది. అత్త పోతూ పోతూ కోడలికి అప్పగించిన పని అది. ఐదు పూటలా నమాజులో మొగుడి చేతుల కోసం విడిగా దువా చేసేదట. మా బాపు ఇదంతా ఎగతాళి చేసేవాడు. "భాయ్, నీకెందుకు ఫికర్? ఆ పాపం నా నెత్తిన వెయ్యి. మీ అల్లా అడిగితే సాయిలును పిలువు. నేనొస్త సమాధానం చెప్పనీకి" అనేవాడు. చాచా నవ్వి, నీకు అక్కడ పాస్ దొరకదురా అనేవాడు.

తొంభైలో పాతబస్తీలో గొడవలై కర్ఫ్యూ పెట్టినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. చాచా షెడ్డులోనే చిక్కుకుపోయాడు, ఆరు రోజులు. బంకమట్టికి పూటకోసారి నీళ్ళు చల్లి తడి గోనె కప్పకపోతే నెర్రెలు వస్తాయి. ఎదురుగా సగం చేసిన ముఖం, దానికి కళ్ళు లేవు. బయట బూట్ల చప్పుడు. మొగవాళ్ళు బయట కనబడితే పోలీసులు కొడుతున్నారు కాబట్టి మా నాయనమ్మే గోడ మీద నుంచి గిన్నెలో అన్నం, పాలు అందించేది. ఆరో రోజు బయటికి వచ్చి ఆయన మొదట అడిగింది ఇంటివాళ్ళ గురించి కాదు. "సాయిలూ, జల్ది రా, మట్టి గట్టిపడుతుంది" అన్నాడు. చాచీ ఆ తర్వాత నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆమె చేసింది కరెక్టే.

తర్వాత తర్వాత పని తగ్గింది. సిమెంటు పోయి ఫైబర్ వచ్చింది, ఆ పొడి చాచా ఊపిరితిత్తుల్లోకి పోయింది. దగ్గు మొదలైతే ఆగేది కాదు. పెద్ద ఆర్డర్లు పెద్ద షెడ్లకు పోయాయి. ఫొటో ఇస్తే మెషీనే ముఖం చెక్కి ఇస్తుందట, దానికి ముసలామె కొంగు సంగతి ఏం తెలుసు? ఊళ్ళలో పొలం గట్టున తండ్రి విగ్రహం పెట్టుకునే రైతులు మాత్రం ఏడాదికి ముగ్గురో నలుగురో వచ్చేవాళ్ళు. మా బర్రెలు కూడా నాలుగుకి వచ్చాయి. ఇద్దరు ముసలివాళ్ళు షెడ్డులో కూర్చుని, ఎప్పుడో చేసిన ముఖాల గురించి మాట్లాడుకునేవాళ్ళు.

రెండో కరోనాలో బాపు పోయాడు. ఆస్పత్రిలో తొమ్మిది రోజులు. కవరులో చుట్టి, కట్లు కట్టి ఇచ్చారు. ముఖం చూపించలేదు. అప్పుడు ఎవరికీ చూపించలేదు, నాకూ తెలుసు. తెలిస్తే ఏం లాభం? నేను ఆ కవరు ముందు నిలబడి, అది మా బాపే అని నమ్మి దండం పెట్టాను. చాచా శ్మశానం గేటు అవతల, రోడ్డుకు అటుపక్క, ముక్కుకు రుమాలు కట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రానివ్వలేదు.

మా అమ్మ ఏడవలేదు. ముఖం చూడలేదు కాబట్టి ఆమెకు నమ్మకం కుదరలేదు. గేటు చప్పుడైతే లేచేది. ఏడాది దాటినా లేచేది. చూసి చూసి చాచా దగ్గరికి వెళ్ళి, బాపు విగ్రహం చెయ్యి, అమ్మ ఒక్కసారి ముఖం చూసుకుంటుంది, లేకపోతే ఈమె కూడా పోతుంది అన్నాను.

ఆయన సరే అని వెంటనే అన్నాడు. వానాకాలమంతా దగ్గుతూనే చేశాడు. ఫొటో అడగలేదు. అడిగినా లాభం లేదు, మా బాపుకు ఫొటో అనగానే కళ్ళు మూసుకునే జబ్బు. పెళ్ళి ఫొటోలో మూసుకున్నాడు. ఆధార్ కార్డులో ఒకటి మూసి ఒకటి పక్కకు తిప్పాడు. ఊళ్ళో అందరికీ కళ్ళు పెట్టిన మనిషికి, కళ్ళున్న ఫొటో ఒక్కటి లేదు.

ఒకరోజు మట్టి మీద గోనె తీసి చూపించాడు. ముక్కు, చెవులు, గడ్డం కింద బర్రె కుమ్మిన మచ్చ, అన్నీ బాపే. కళ్ళ చోట రెండు నున్నటి గుడ్లు.

"చాచా, కళ్ళు?"

"కళ్ళు సాయిలు పెడ్తుండె బేటా."

"బాపుకు బాపు ఎట్ల పెడ్తడు? నువ్వే పెట్టు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నాతోని కాదు. నక్కో బోల్, ఆ మాట అనకు."

అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ నా నాలుక మీదనే ఉంది. "మీ చేతులకు పాపం అంటొద్దు. మా బాపు చేతులకు అంటితే ఏం కాదు. ముప్పై ఆరేండ్లు ఆయన నెత్తినే వేసిన్రు గదా. ఆయనకు చివరికి మిగిలింది ఇదేనా?"

చాచా బకెట్‌లో చేతులు కడుక్కుని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నాకు అప్పుడు కూడా సిగ్గు రాలేదు. ఇంకా కోపమే వచ్చింది.

ఆ కోపంలోనే చాంద్రాయణగుట్ట చౌరస్తా దగ్గర ఒక షెడ్డు నుంచి మనిషిని పిలిపించాను. వాడు ఫొటో లేదా అన్నాడు, లేదంటే ఫరవాలేదన్నాడు, అరగంటలో కళ్ళు పెట్టి పోయాడు. ఇంతింత కళ్ళు. బాపు దూరంగా ఉన్న జనాన్ని చూస్తూ ఏదో హామీ ఇస్తున్నట్టు ఉన్నాడు. మా అమ్మను తీసుకొచ్చాను. ఆమె కాసేపు చూసింది. తన భుజం మీది తువ్వాల తీసి ఆ ముఖం మీద కప్పింది.

"ఎవరే ఈయన?" అంది, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఒక విషయం చెప్పాలి. నాతో మాట లేకపోయినా చాచా రోజూ పొద్దున వచ్చి మట్టికి నీళ్ళు చల్లి పోతూనే ఉన్నాడు. యాకుత్‌పురా నుంచి రైలెక్కి, ఒక మగ్గు నీళ్ళు చల్లడానికి. ఆ మర్నాడు కూడా వచ్చాడు. తువ్వాల ఎత్తి చూశాడు. నేను తలుపు దగ్గర తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను.

"సాయిలు ఎలక్షన్ల నిలబడ్డడా?" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. గడప మీద కూర్చుని ఏడ్చాను. ఆయన బొటనవేళ్ళు తడిపి ఆ రెండు కళ్ళనూ నెమ్మదిగా తుడిచేశాడు. మళ్ళీ కోడిగుడ్లు. ఆ తర్వాత చాలాసేపు స్టూలు మీద ఊరికే కూర్చున్నాడు. మధ్యాహ్నం జోహర్ అజాన్ వినబడితే లేచి మసీదుకు వెళ్ళాడు. ఇక రాడనుకున్నాను. వచ్చాడు.

"మీ నాయిన సైకిల్ పుల్ల ఏడుంది?"

తెచ్చి ఇచ్చాను. వద్దు చాచా అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. నాకు మా బాపు కళ్ళు కావాలి. ఇంకేమీ పట్టలేదు ఆ క్షణంలో.

గంటకు పైగా పట్టింది. మధ్యలో ఒకసారి, తనలో తనే అనుకున్నట్టు, "ఎడమది జర చిన్నగుండె" అన్నాడు. అది నాకు తెలియదు. ముప్పై తొమ్మిదేళ్ళు ఆ మనిషి బిడ్డగా ఉన్నాను, బాపు ఎడమ కన్ను చిన్నదని నాకు తెలియదు. చాచా పుల్లతో చివరి గింజ వదిలి వెనక్కి జరిగాడు. ఎవరి విగ్రహానికైనా కళ్ళు పెట్టడం అయిపోగానే బాపు తల తిప్పి చాచా వైపు చూసేవాడు, ఎట్లుంది భాయ్ అన్నట్టు. ఆ చూపు అది. చాచా ఒక్కడి కోసమే ఉండే చూపు.

మా అమ్మ వచ్చింది. చేతిలో గరిటె ఉంది. ముఖం చూసింది, గరిటె ఎడమ చేతిలోకి మార్చుకుని కొంగు తల మీదికి లాక్కుంది. పక్కకు జరిగింది. ఆ తర్వాత నేల మీద కూలబడి ఏడ్చింది, ఏడాదిన్నర ఏడుపంతా. నేను ఆమెను పట్టుకుని చాచా వైపు చూస్తే ఆయన బకెట్ దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. కడుగుతూనే ఉన్నాడు. మట్టి ఎప్పుడో పోయింది.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగాడు. "కుబ్రాకు చెప్పకు బేటా. ఫికర్ చేస్తది."

అదే ఆయన చివరి పని. అచ్చు తీయడానికి, ఫైబర్ పోయడానికి వేరేవాళ్ళను పెట్టాను. చలికాలం వచ్చేసరికి మంచం పట్టాడు. చూడటానికి వెళ్తే చేతులు దుప్పటి లోపలే పెట్టుకునేవాడు. జనవరిలో పోయాడు. యాకుత్‌పురా నుంచి జనాజా లేచినప్పుడు మా దుకాణం మూసి గల్లీ చివర నిలబడ్డాను. ఆయన ముఖం మాత్రం చూడనిచ్చారు నాకు. నిద్రపోతున్నట్టు ఉన్నాడని అందరూ అన్నారు. నాకు అలా అనిపించలేదు. ఎవరో ఏదో అడుగుతారని ఎదురుచూస్తున్నట్టు ఉన్నాడు. అంతా నా మనసే కావచ్చు.

చాచీ ఇద్దత్‌లో కూర్చుంది. మొగుడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. మేం వెళ్ళి చూసి వచ్చేవాళ్ళం. ఎప్పుడూ ఇంటినిండా జనమే. ఆమె నన్ను చూసేది, ఏదో అడగబోయి మానేది.

నాలుగు నెలల పది రోజులు అయిపోయిన మర్నాడు, మే ఎండలో, మా గేటు ముందు ఆటో ఆగింది. మనవరాలు హిబా చెయ్యి పట్టుకుని చాచీ దిగింది. బురఖా వేసుకుంది గానీ నకాబు పైకెత్తే ఉంది, మా ఇంట్లో మొగవాళ్ళు లేరు కదా. మంచినీళ్ళు కూడా తాగలేదు. "సాయిలు భాయ్ ఏడ?" అంది.

షెడ్డులోకి తీసుకెళ్ళాను. వెలుగు రేకుల సందులోంచి నేరుగా ముఖం మీద పడుతోంది.

చాచీ గడప దాటి ఒక్క అడుగు వేసి తల ఎత్తింది. ఆమె చెయ్యి దానంతట అదే లేచి, నకాబును ముఖం మీదికి దించేసింది.

నేను ఆ చేతినే చూశాను. ఆమె కూడా తన చేతిని చూసుకుంది. హిబా ఏమీ అర్థం కాక మా ఇద్దరినీ చూసింది. పిల్లను బయట మంచం మీద కూర్చోమంది చాచీ.

"ఆంఖా?" అంది నకాబు వెనక నుంచి.

నేను విగ్రహం భుజం మీది దుమ్ము చేత్తో తుడిచాను.

"ఆ దినం గుమ్మంల అడిగిన. ఆయన జవాబు చెప్పలే. అన్నం తినలే. మల్ల అడుగుదామంటే నాకు డర్ అయ్యింది. చెప్పకుండనే పోయిండు. సచ్ బోల్ బేటా. ఎవరు పెట్టిన్రు?"

చాంద్రాయణగుట్ట మనిషి అని చెబుదామా అనుకున్నాను. నమ్మదు. ఆ మనిషికి మా బాపు ఎవరో తెలియదు, ఈ కళ్ళు బాపును ఎరిగినవాళ్ళు పెట్టినవి. బాపును అంతగా ఎరిగినవాళ్ళు ఇద్దరే ఉండాలి. ఒకరు ఆమె మొగుడు.

"నేనే పెట్టిన చాచీ" అన్నాను.

"నువ్వా?"

"నేనే. చిన్నప్పటి నుంచి బాపు పక్కన కూసొని చూసిన గదా. సైకిల్ పుల్లతోని పెట్టిన."

"కసమ్ ఖా."

ఒట్టు పెట్టమంది. నేను బాపు తల మీద చెయ్యి పెట్టాను. ఫైబర్ ఎండకు వేడెక్కి ఉంది, మనిషి తలలాగే ఉంది. "బాపు మీద ఒట్టు. కళ్ళు నేనే పెట్టిన. చాచా ముట్టుకోలేదు."

"మరి ఆయన ఏం చేసిండు అప్పుడు?"

"స్టూల్ మీద కూసొని ఛాయ్ తాగిండు. గది గట్ల కాదు, ఇది ఇట్ల కాదు అని లొల్లి చేసిండు."

నకాబు లోపల నుంచి చిన్న నవ్వు వినబడింది. "ఛాయ్‌కు మాత్రం ముందుంటుండె" అంది. ఆ తర్వాత భుజాలు కదిలిపోయాయి. నేను పట్టుకున్నాను. ఎంత తేలిక మనిషో అప్పుడు తెలిసింది. చాలాసేపటికి, "నీ చేతులకు కూడ దువా చేస్త బేటా, ఈ రోజు నుంచి" అంది. నమ్మిందో, నమ్మాలని నిర్ణయించుకుందో నాకు తెలియదు. నకాబు మాత్రం బాపు ముందు నుంచి బయటికి వచ్చాకే ఎత్తింది.

ఆటో వెళ్ళాక నేను మళ్ళీ షెడ్డులోకి వచ్చాను. బాపు అలాగే చూస్తున్నాడు, ఎడమ కన్ను కొంచెం చిన్నగా, ఎట్లుంది అన్నట్టు. నాకు ఒక్కసారిగా చచ్చేంత కోపం వచ్చింది. ఆయన భుజం మీద గట్టిగా ఒక దెబ్బ వేశాను.

"అల్లా అడిగితే నన్ను పిలువు, వస్త అన్నవు గదా బాపూ. ఈడ కూసొని నన్నేం చూస్తున్నవ్? పో. చాచా ఆడ ఒక్కడే నిలబడ్డడు."